ప్రిన్సిపాల్ గారూ, ఆ సెల్లు మార్చనివ్వండి

తెలుగు రాష్ట్రాల్లోని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు,



మీ సర్వర్ రూము చూసుకునే ల్యాబ్ అసిస్టెంటుకు ఒక అనుమతి కాగితం ఇవ్వమని అడగడానికి ఈ ఉత్తరం. ర్యాక్‌లో ఉన్న సర్వర్‌ను ఆపి, మూత తీసి, మదర్‌బోర్డు మీదున్న సీమాస్ సెల్లు మార్చడానికి అనుమతి. అంతే. సెల్లు ధర వంద రూపాయల లోపు. దాన్ని తీసి కొత్తది పెట్టడానికి రెండు నిమిషాలు, ముందూ వెనకా జాగ్రత్తలకు ఒక పూట. ఇంత చిన్నదానికి ప్రిన్సిపాల్ సంతకమెందుకు అనిపిస్తే, ఆ అసిస్టెంటును పిలిచి "ఏం బాబూ, ఆ డబ్బా నువ్వు తెరవగలవా?" అని అడిగి చూడండి. "తెరవగలను సార్, కానీ..." అంటాడు. నేను రాస్తున్నది ఆ 'కానీ' గురించే. సర్వర్ల సర్వీసింగ్ నా బతుకుతెరువు. ఈ పని మీవాళ్లే చేసుకుంటే నాకు రావాల్సిన విజిటింగ్ ఛార్జీ పోతుంది. పోనివ్వండి.

కంప్యూటర్ విభాగం నుంచి రాని ప్రిన్సిపాళ్ల కోసం ముందు ఈ సెల్లు సంగతి చెబుతాను. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత వెండిరంగు సెల్లు ఒకటి ఉంటుంది. దాని మీద సీఆర్2032 అని ముద్రించి ఉంటుంది. 20 అంటే మిల్లీమీటర్లలో వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టుల లిథియం సెల్లు. చార్జింగ్ పెట్టేది కాదు. కరెంటు లేనప్పుడు బోర్డులోని గడియారం ఆగకుండా చూడటం దాని పని. 1984లో ఐబీఎం పీసీ ఏటీ వచ్చినప్పుడు మోటరోలా గడియారం చిప్పులో 64 బైట్ల సీమాస్ మెమరీ ఉండేది. 14 బైట్లు గడియారానికి, మిగతా 50 సెట్టింగులకు. కరెంటు పోయినా ఆ కాస్త మెమరీ చెరిగిపోకుండా బ్యాటరీ పెట్టారు. ఇప్పటి సర్వర్లలో చాలావాటికి సెట్టింగులు ఫ్లాష్ మెమరీలోకి వెళ్లిపోయాయి, గడియారం మాత్రం ఇంకా సెల్లు మీదే ఉంది. చాలావాటికి అన్నానే గానీ అన్నిటికీ అనలేదు. మీ ర్యాక్‌లో ఉన్నది ఏ రకమో తెలిసేదాకా పాత రకమనే అనుకోవడం మంచిది.

ఈ సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్ల చార్జి ఉంటుంది. గడియారం లాగేది కొన్ని మైక్రో ఆంపియర్లు. అయిదు అనుకుని లెక్క కడితే 44,000 గంటలు, అంటే అయిదేళ్లు. పైగా సర్వర్‌కు కరెంటు తీగ తగిలించి ఉన్నంతకాలం, అది ఆఫ్‌లో ఉన్నా సరే, పవర్ సప్లై నుంచి స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది కాబట్టి సెల్లు దాదాపు పనిలేకుండా కూర్చుంటుంది. హెచ్‌పీఈ ప్రోలయంట్ మాన్యువళ్లలో మామూలు వాడకానికి 5 నుంచి 10 ఏళ్లని రాసి ఉంటుంది.

తిరకాసు అక్కడే ఉంది. ఆరేడేళ్లు యూపీఎస్ మీద ఆగకుండా నడిచిన సర్వర్‌లో సెల్లు ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు. గడియారం కరెంటు మీద నడిచిపోతూనే ఉంటుంది. వేసవి సెలవులు వస్తాయి. బిల్లు ఆదా అని ఎవరో మెయిన్ ఆపేస్తారు, యూపీఎస్ బ్యాటరీలు కూడా దిగిపోతాయి. జూన్‌లో కాలేజీ తెరిచిన రోజున, అడ్మిషన్ల హడావిడిలో, సర్వర్ ఆన్ చేస్తే అది ఏ పదేళ్ల వెనకటి తేదీతోనో నిద్రలేస్తుంది. కొన్ని బోర్డులు అసలు లేవవు. ఎఫ్1 నొక్కమని నల్లటి తెర మీద అడిగి అక్కడే ఆగిపోతాయి. ర్యాక్‌లో సర్వర్‌కు మానిటర్ ఉండదు, కీబోర్డు ఉండదు. అది ఏమడుగుతోందో చూసేవాళ్లే లేరు.

తేదీ తప్పితే ఏమవుతుంది, ఇంటర్నెట్ నుంచి అదే సరిచేసుకుంటుంది కదా అని కుర్రవాళ్లు అంటారు. కొంతవరకు నిజమే. కానీ పాత లినక్స్ సర్వర్లలో సమయం సరిచేసే ఎన్‌టీపీడీ, -g ఆప్షన్ లేకుండా నడుస్తుంటే, తేడా 1,000 సెకన్లు దాటగానే ఇదేదో తేడాగా ఉందని దిద్దడం మానేసి తనే ఆగిపోతుంది. విండోస్ డొమైన్‌లో సర్వర్‌కూ ల్యాబ్ కంప్యూటర్‌కూ మధ్య అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే గుర్తింపు తనిఖీ చేసే కెర్బెరాస్ లాగిన్ కానివ్వదు. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లన్నీ ఇంకా మొదలుకాని తేదీవిగా కనిపిస్తాయి. ఇక లాగ్ ఫైళ్లు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ గడియారాలను ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలిపి ఉంచాలి, లాగులు 180 రోజులు దాచాలి. పదేళ్ల వెనకటి తేదీ వేసిన లాగును దాచి ఏం లాభం?

ఒక జిల్లా కేంద్రంలోని కాలేజీకి జూన్‌లో వెళ్లాను. పేరు అనవసరం. ల్యాబులో ఒక్క విద్యార్థికీ లాగిన్ కావడం లేదు. వైరస్ అనుకుని అప్పటికే రెండు కంప్యూటర్లు ఫార్మాట్ చేసేశారు. ఊళ్లోని సప్లయర్ వచ్చి, ఎఫ్1 అడుగుతున్న తెర చూసి, మదర్‌బోర్డు పోయిందని తేల్చేశాడు. కొత్త సర్వర్‌కు కొటేషన్ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదుంది. నేను కీబోర్డు తగిలించి, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి తేదీ చూశాను. చూశాక ఇంకేం చూడనక్కర్లేదు. రైజర్ కార్డు కింద, దుమ్ము మేటవేసిన మూలలో ఉన్న సెల్లును తీసి మీటరు పెడితే ముల్లు లేచినట్టే లేచి పడిపోయింది. కొత్త సెల్లు పెట్టి, తేదీ దిద్ది వచ్చేస్తుంటే అక్కడి ల్యాబ్ మేడమ్ గుమ్మం దాకా వచ్చి మెల్లగా అన్నారు: "నాకు మొదటిరోజే అనుమానం వచ్చింది సార్. మూత తీస్తే రేపు ఏం పోయినా నా మీదికొస్తుందని ఊరుకున్నాను."

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. సర్వర్ స్టాక్ రిజిస్టర్‌లో లక్షల ఖరీదుతో ఆవిడ పేరు మీద ఉంది. ఏఎంసీ కాగితంలో "వినియోగ వస్తువులు మినహా" అని ఒక ముక్క ఉంటుంది, సెల్లు అందులోకి వస్తుందో రాదో ఎవరూ తేల్చరు. ఏఎంసీ కుర్రాడు సెల్లు మార్చడు, ఎందుకంటే అది తన లిస్టులో లేదు. ల్యాబ్ వాళ్లు మార్చరు, ఎందుకంటే అది వాళ్ల పని కాదు. వంద రూపాయల సెల్లు కోసం ఇండెంటు పెట్టి సంతకాల కోసం తిరగడం ఎవరికి ఇష్టం? ఇలా ఎవరూ ముట్టుకోరు. ముట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దొంగచాటుగా, తొందరలో, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తుతారు. నష్టం జరిగేది ఆ తొందరలోనే. ఈ పని ప్రమాదమైనది కాదు. అనుమతి లేకుండా, పద్ధతి లేకుండా చేస్తే ప్రమాదం.

పద్ధతి ఏమిటో రాస్తాను. దీన్ని ప్రింటు తీసి సర్వర్ రూము తలుపు వెనక అంటించినా అభ్యంతరం లేదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. సర్వర్ ఇంకా వారంటీలో ఉంటే మూత జోలికి పోకండి, కంపెనీకే ఫోన్ చెయ్యండి. వారంటీ దాటినవాటి గురించే నేను చెబుతున్నది.

సెల్లు తీయడానికి ముందు చేసే పనే అసలు పని. మొదట బ్యాకప్. తీసుకున్నామని చెప్పడం చాలదు, అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడాలి. తరువాత బయోస్ సెట్టింగుల పేజీలన్నీ ఒక్కొక్కటే ఫోనుతో ఫొటో తీయాలి. డెల్ సర్వర్ అయితే, దూరం నుంచి నిర్వహించేందుకు ఉండే ఐడ్రాక్ నుంచి కాన్ఫిగరేషన్ మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఎందుకింత హడావిడి అంటే, పాత బోర్డుల్లో సెల్లు తీయగానే సెట్టింగులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోతాయి. డిస్కుల మోడ్ రెయిడ్‌లో ఉన్నది ఏహెచ్‌సీఐకి మారిపోవచ్చు. యూఈఎఫ్ఐ బూట్ కాస్తా పాత పద్ధతికి పోవచ్చు. వర్చువలైజేషన్ ఆగిపోవచ్చు. కరెంటు తిరిగి రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగు పోవచ్చు. అప్పుడు జత డిస్కులు విడివిడిగా కనిపిస్తాయి, ఏదీ బూట్ కాదు. చూసినవాడు కంగారులో "ఇనిషియలైజ్" నొక్కితే డేటా పోయేది అక్కడ. సెల్లు వల్ల డేటా పోలేదు, కంగారు వల్ల పోయింది. ఫొటోలు ఉంటే ఆ పేజీ తెరిచి, ఉన్నది ఉన్నట్టు పెట్టి బయటకు వచ్చేయడమే. విండోస్ సర్వర్‌లో బిట్‌లాకర్ వాడుతుంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద ఉండాలి. బయోస్‌లో మార్పు జరిగిందని పసిగడితే అది ఆ కీ అడగవచ్చు. అడిగినప్పుడు కీ అదే సర్వర్‌లో దాచి ఉందనడం నేను విన్నాను.

ఇంకొక గందరగోళం కూడా ఇక్కడే తీర్చేస్తాను. కొన్ని సర్వర్లలో రెయిడ్ కార్డుకు విడిగా ఒక బ్యాటరీ ప్యాక్ ఉంటుంది. దాని పని వేరు, ధర వేరు. ఐడ్రాక్‌లోనో హెచ్‌పీఈ సర్వర్ల ఐలోలోనో "బ్యాటరీ" అని హెచ్చరిక కనబడగానే ఏ బ్యాటరీ అన్నది పూర్తిగా చదవాలి. సూపర్‌మైక్రో బోర్డుల్లో వీబ్యాట్ అనే సెన్సర్ సీమాస్ సెల్లు వోల్టేజీనే చూపిస్తుంది. చేత్తో కొలిస్తే కొత్త సెల్లు 3.2 వోల్టుల దాకా చూపుతుంది, 2.8 కన్నా తగ్గితే తీసేయడమే. అయితే ఈ కొలతను మరీ నమ్ముకోవద్దు. లిథియం సెల్లు చివరిదాకా 3 వోల్టుల దగ్గరే నిలబడి ఉన్నట్టుండి కూలిపోతుంది. అందుకే నేను వోల్టేజీ కన్నా వయసు చూస్తాను. అయిదేళ్లు నిండాయా, మార్చేయడమే.

ఇక కరెంటు. షట్‌డౌన్ చేస్తే సర్వర్ ఆగినట్టు కాదు. స్టాండ్‌బై కరెంటు బోర్డు మీదే ఉంటుంది. ర్యాక్ సర్వర్లకు సాధారణంగా రెండు పవర్ సప్లైలు ఉంటాయి, ఒకటి యూపీఎస్‌కు, ఇంకొకటి వేరే లైనుకు. ఒక తీగ పీకి రెండోది మరిచిపోయినవాళ్లు కోకొల్లలు. రెండూ పీకాలి, ఏది ఎక్కడిదో టేపు మీద రాసి అంటించాలి. ఆ తరువాత పవర్ బటన్‌ను ఓ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. మూత తీశాక బోర్డు మీద ఒక్క దీపం కూడా వెలుగుతూ ఉండకూడదు.

నడుస్తున్న సర్వర్‌లోనే సెల్లు మార్చేస్తే సెట్టింగులు పోవు, సర్వీసూ ఆగదు అని చెప్పే మొనగాళ్లు ఉన్నారు. తేదీ నిలుస్తుందన్న మాట నిజమే. కానీ చేతిలోంచి జారిన సెల్లు అంటే ఒక లోహపు బిళ్ల. అది ఎక్కడ పడుతుందో మీ చేతిలో ఉండదు. బోర్డు మీద 12 వోల్టుల లైన్లు పదుల ఆంపియర్లు మోస్తుంటాయి. ఒక పూట ఆపడానికి ఒప్పుకోని హెచ్‌వోడీ వారం రోజులు ఆపడానికి సిద్ధపడాలి.

ర్యాక్ విషయం చాలామందికి తోచదు. డిస్కులన్నీ నిండిన 2యూ సర్వర్ 25, 30 కిలోలు ఉంటుంది. పట్టాల మీద బయటకు లాగితే ఆ బరువంతా ముందుకు వస్తుంది. ర్యాక్ అడుగున ఉండే ఆసరా కాళ్లు దించారో లేదో చూడాలి, నేలకు బిగించని ర్యాక్ అయితే మరీనూ. ఒకసారికి ఒకే సర్వర్‌ను లాగాలి. రెండో మనిషి పక్కన ఉండాలి, ఊరికే ఫోను చూసుకుంటూ కాదు, వెనక కేబుళ్లు ఎక్కడా బిగిసిపోకుండా వదులు చేస్తూ. పట్టాలు చివర టక్కుమని తాళం పడ్డ చప్పుడు వినిపించాకే మూత మీద చెయ్యి వేయాలి. ఉంగరాలు, గాజులు, మెడలో వేలాడే ఐడీ కార్డు, అన్నీ తీసి పక్కన పెట్టాలి. మణికట్టుకు యాంటీ స్టాటిక్ పట్టీ, దాని క్లిప్పు డబ్బా మీద రంగు లేని ఇనుము భాగానికి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది, పాలిస్టర్ చొక్కా వేసుకుంటే వేలి కొసన మనకు తెలియకుండానే వేల వోల్టులు ఉండొచ్చు.

మూత తీశాక సెల్లు కనబడకపోతే కంగారు పడొద్దు. గాలిని దారి మళ్లించే ప్లాస్టిక్ తొడుగు కిందో రైజర్ కార్డు కిందో ఉంటుంది. వాటిని తీయాల్సి వస్తే ముందు ఫొటో. ఏ కేబులు ఏ సందులోంచి వెళ్లిందో గంట తరువాత గుర్తుండదు.

ఇప్పుడు సెల్లు. మొత్తం పనిలో చెయ్యి వణకకూడని చోటు ఇదొక్కటే. సెల్లు కూర్చునే గూడు నల్లటి ప్లాస్టిక్‌ది, బోర్డుకు రెండు మూడు టంకం చుక్కలతో అతుక్కుని ఉంటుంది. ఒక పక్కన చిన్న లోహపు నాలుక సెల్లును నొక్కి పట్టుకుంటుంది. ఎడమచేతి వేలితో గూడును బోర్డుకేసి ఆనించి పట్టుకోవాలి, గూడు లేవకూడదు. డెల్ మాన్యువళ్లు కూడా ఇదే నొక్కి చెబుతాయి. కుడిచేత్తో ప్లాస్టిక్ పుల్లతో ఆ నాలుకను సెల్లు నుంచి అవతలికి నెట్టాలి. కొద్దిగా నెడితే చాలు, సెల్లు అటువైపు తనే పైకి లేస్తుంది. లేచిన అంచును వేలితో పట్టి తీసేయాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి కింది నుంచి పెకలిస్తే మూడు రకాల నష్టం: గూడు విరుగుతుంది, లేదా కింద బోర్డు మీది గీతలు తెగుతాయి, లేదా ప్లస్సూ మైనస్సూ కలిసిపోతాయి. గూడు విరిగితే సెల్లు వంద రూపాయలది కాదు, బోర్డు ధరది. అప్పుడు సప్లయర్ చెప్పిన అబద్ధం నిజమైపోతుంది.

పెట్టేటప్పుడు అక్షరాలు, ప్లస్ గుర్తు ఉన్న వెడల్పు ముఖం పైకి. నిలువు గూళ్లున్న బోర్డులూ ఉన్నాయి, వాటిలో ప్లస్ ఎటో గూడు మీదే రాసి ఉంటుంది. సెల్లును అంచుల దగ్గర పట్టుకోండి. ప్లస్ వైపు అంచును ముందు గూటి పళ్ల కిందికి జార్చి, రెండో వైపు నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే తప్పుగా పెడుతున్నట్టే.

సెల్లు ఎక్కడ కొనాలన్నదీ ఒక మాట. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడుగడుగునా దొరుకుతాయి, మీ ఊళ్లో గడియారాల షాపులోనూ దొరుకుతాయి. ట్రేలో విడిగా పోసి అమ్మేవి వద్దు. అవి ఒకదాన్నొకటి తాకి అప్పటికే సగం దిగి ఉంటాయి. సీలు వేసిన అట్ట మీద గడువు తేదీ ఉన్నవి తీసుకోండి. పానసోనిక్, మ్యాక్సెల్, మురాటా, ఏదైనా సరే. ఎల్ఐఆర్2032 అని ఒకటుంది. చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ అది చార్జింగ్ సెల్లు, నిండితే 4.2 వోల్టులు. బోర్డులో పెట్టకూడదు. సీఆర్2025 పలచన, కింద కాగితం మడిచి దూర్చి సర్దేసినవాళ్లను చూశాను. ఆ సర్వర్ ఏసీ గది నుంచి ట్రాలీ మీద కదిలిన రోజున ఆ మడత జారిపోతుంది.

తీసినవన్నీ ఫొటోలు చూసి ఎక్కడివక్కడ పెట్టండి. గాలి తొడుగును మాత్రం మరిచిపోకూడదు, అది లేకుండా నడిపితే ప్రాసెసర్లు కాగిపోతాయి. తీగలు రెండూ పెట్టాక ఐడ్రాక్, ఐలో లాంటివి లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆగి అప్పుడు ఆన్ చెయ్యాలి. మొదట బయోస్‌లోకి వెళ్లి తేదీ, సమయం. ఇక్కడ మన దేశానికి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. విండోస్ బోర్డు గడియారంలో మన స్థానిక సమయం ఉండాలనుకుంటుంది, లినక్స్ అందులో యూటీసీ ఉందనుకుంటుంది. లినక్స్ సర్వర్‌లో చేతి గడియారం చూసి సమయం పెడితే అయిదున్నర గంటలు ముందుకు పోయి కూర్చుంటుంది. తరువాత సెట్టింగుల ఫొటోలు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ సరిచూడాలి. అదయ్యాకే నెట్‌వర్క్, అదయ్యాకే ఎన్‌టీపీ.

పని అయిందని అందరూ ఇక్కడ లేచిపోతారు. పని అవలేదు. కొత్త సెల్లు పనిచేస్తోందని ఇప్పటిదాకా రుజువు లేదు, గడియారం నడుస్తున్నది కరెంటు మీద. సర్వర్‌ను మళ్లీ ఆపి, తీగలు రెండూ పీకి, ఒక గంట వదిలేయాలి. డెల్ చెప్పే పరీక్ష ఇదే. గంట తరువాత ఆన్ చేస్తే తేదీ, సమయం సరిగ్గా ఉంటే సెల్లు కూర్చున్నట్టు. ఆ గంటలో టీ తాగి రావచ్చు.

పాత సెల్లును జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోవద్దని మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి. చచ్చిన సెల్లులో కూడా కాస్త చార్జి మిగిలే ఉంటుంది. పసిపిల్లలు మింగితే 20 మిల్లీమీటర్ల బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి తగిలి మైనస్ వైపున క్షారం పుట్టి రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. మింగిందని అనుమానం వచ్చినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. సెల్లు తీసిన వెంటనే రెండు ముఖాలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. 2001 నాటి పాత నిబంధనలు లెడ్ యాసిడ్ బ్యాటరీలకే పరిమితం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఇలాంటి చిన్న సెల్లులకూ వర్తిస్తాయి. చెత్తబుట్టలో వేయకూడదు. మీ కాలేజీ పాత కంప్యూటర్లు ఇచ్చే ఈ-వేస్ట్ సంస్థకు బ్యాటరీలు తీసుకునే అనుమతి కూడా ఉందో లేదో కనుక్కుని వాళ్లకే ఇవ్వండి.

కొందరు ప్రిన్సిపాళ్లు ఇప్పటికే నాతో అన్నారు, అన్నీ క్లౌడ్‌కు పోతున్నాయి కదా, ఈ డబ్బాలు ఎన్నాళ్లని. పోతే పోనివ్వండి. పోయేదాకా ఉన్నవి నడవాలి.

మీరు ఇవ్వాల్సిన కాగితానికి అరపేజీ చాలు. అందులో సర్వర్ సీరియల్ నంబరు, పని చేసే ఇద్దరి పేర్లు, తేదీ. "జతచేసిన పద్ధతి ప్రకారం సీమాస్ సెల్లు మార్చే నిమిత్తం సర్వర్ తెరవడానికి అనుమతి ఇవ్వడమైనది, పద్ధతి పాటించినంతవరకు ఏర్పడే నష్టానికి వారిని బాధ్యులను చేయరాదు" అన్న ఒక వాక్యం. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం ఎవరికీ పనికిరాదు. వచ్చే ఏఎంసీ రెన్యువల్‌లో "సీమాస్ సెల్లు సహా" అన్న రెండు మాటలు చేర్పించండి. పాత సెల్లు ఎప్పుడు తీశారు, మళ్లీ ఎప్పుడు మార్చాలి అన్నది సర్వర్ ముందు భాగాన స్టిక్కర్ మీద రాయించండి, రిజిస్టర్ ఎవరూ తెరవరు. డిప్లొమా కంప్యూటర్ పిల్లల్ని ఆ రోజు గదిలోకి పిలిస్తే ఇంకా మంచిది. ర్యాక్ సర్వర్ లోపలి భాగం చూడకుండానే డిప్లొమా పట్టా పుచ్చుకునేవాళ్లు చాలామంది.

పరీక్షలైపోయి, మెయిన్ ఆపేయడానికి ముందు, సర్వర్ రూములో ఇంకా కరెంటూ ఏసీ ఉన్న వారంలో ఈ పని పెట్టుకోండి. మే మొదటివారం దాటితే మీవాళ్లు సెలవుల్లో ఉంటారు, నేను ఇంకెవరిదో మదర్‌బోర్డు పోయిందన్న ఫోను ఎత్తుతూ ఉంటాను.

భవదీయుడు,
ఒక సర్వీస్ ఇంజనీరు,
సికింద్రాబాద్